లెవెల్ పట్టిన చేయి ఓటడిగితే

ఇంజనీరింగ్ చదివి, నాలుగైదేళ్లు ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, పనిచేసి, ఇక రాజకీయాల్లోకి దిగుతానంటూ సలహాకు వచ్చే పిల్లలు మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బాగా పెరిగారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాకతీయ కాలువ మీద కొన్నాళ్లు, నిర్మల్ వైపు సరస్వతి కాలువ మీద కొన్నాళ్లు ఉన్నాను. నాయకుల్ని దగ్గర్నుంచి చూశానుగానీ నామినేషన్ ఎన్నడూ వేయలేదు. అయినా ఈ పిల్లలకు చెప్పవలసింది నా దగ్గర కొంత ఉంది. అందులో సగం కాలువ గట్టు మీద నేర్చుకున్నది. మిగతా సగం డాక్టర్ కానూరి లక్ష్మణరావు జీవితం చదివి నేర్చుకున్నది. కేఎల్ రావు అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. ఢిల్లీలో మంత్రి కుర్చీ దాకా వెళ్లి, అక్కడ కూడా ఇంజనీరుగానే మిగిలిన మనిషి తెలుగువాళ్లలో నాకు మరొకరు కనబడలేదు.

1. ముందు పని చేతికి పట్టుబడాలి

కేఎల్ రావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లప్పుడే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. ఆ ఒంటి కంటితోనే మద్రాసులో ఇంజనీరింగ్ చదివారు, రంగూన్‌లో పాఠాలు చెప్పారు, ఇంగ్లండ్ వెళ్లి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక మద్రాసు ప్రభుత్వంలో గోదావరి మీద రామపాదసాగర్ డిజైన్ పని చూశారు. ఇవాళ మనం పోలవరం అంటున్న ప్రాజెక్టుకు మూలం అక్కడే ఉంది. 1950లో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో చేరి డిజైన్ల డైరెక్టరుగా, తర్వాత చీఫ్ ఇంజనీరుగా ఎదిగారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచేనాటికి వయసు అరవైకి దగ్గరపడింది. 1967లో, 1971లో మళ్లీ అక్కడి నుంచే గెలిచారు. 1963 జూలై 20న కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ బాధ్యతలు ఆయన చేతికి వచ్చాయి. ఇంచుమించు పదేళ్లు ఆ రంగంలోనే ఉన్నారు.

అరవై వచ్చేదాకా ఆగమని మీకు నేను చెప్పను. ఒక్క పనైనా మొదటి లెవెల్ పుస్తకం నుంచి ఫైనల్ బిల్లు దాకా సొంతంగా చేసి రమ్మని మాత్రం అంటాను. సర్వే ఎక్కడ తప్పుతుందో, భూసేకరణ ఎందుకు ఆగుతుందో, వర్షాకాలానికి ముందు గండి పూడ్చకపోతే ఏమవుతుందో ఆ ఒక్క పనే నేర్పుతుంది. మంత్రికి డ్రాయింగ్ చదవడం వస్తుందని తెలిస్తే ఫైలు పెట్టే అధికారి ఆ ఫైలును మరోసారి చూసుకుని తెస్తాడు. డిగ్రీ కాగితానికి ఆ భయం ఉండదు. చేసిన పనికి ఉంటుంది.

2. ఏ సామాను వాడాలన్నది కూడా రాజకీయమే

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అంత ఎత్తు ఆనకట్టను కాంక్రీటుతో కడదామా, రాతికట్టుబడితో కడదామా అన్న చర్చ వచ్చింది. సిమెంటుకు కరువున్న రోజులు. పెద్ద యంత్రాలు కొనాలంటే విదేశీ మారకం కావాలి. మన దగ్గర ఉన్నవి రాయి, రాయి కొట్టే చేతులు. కేఎల్ రావు రాతికట్టుబడి వైపు గట్టిగా నిలబడ్డారు. వేల మంది కూలీలు ఆ కట్ట మీద ఏళ్ల తరబడి బతికారు. పాలమూరు వలస కూలీలు రాయి మోసిన ఆ కట్ట ఇవాళ్టికీ నిలబడే ఉంది.

ఈ సంగతి మీద నేను చాలాకాలం ఆలోచించాను. ఎస్టిమేటులో ఒక ఐటెమ్ మార్చితే డబ్బు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళుతుంది. ఊరి చెరువు పూడిక ఉపాధి హామీ కూలీలతో తీయించాలా, పొక్లెయిన్ పెట్టాలా అన్న ప్రశ్న చూడటానికి రేట్ల ప్రశ్నలా ఉంటుంది. పొక్లెయిన్‌తో పని తొందరగా అవుతుంది. కూలీలతో అయితే ఎండాకాలంలో ఆ ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయి. రెండింటికీ ఎప్పుడు చోటుందో లెక్కగట్టి చెప్పగలిగేవాడు ఇంజనీరు. ఆ లెక్కను జనం ముందు పెట్టి నిర్ణయం తీసుకునేవాడు నాయకుడు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయగలిగితే ఆ మండలం అదృష్టం.

3. వార్డు నుంచి మొదలుపెట్టు

కరీంనగర్ మున్సిపాలిటీ 2005లో కార్పొరేషన్ అయింది. ఆ మొదటి పాలకవర్గంలో కార్పొరేటర్లుగా గెలిచినవాళ్లలో ఇద్దర్ని చూడండి. సివిల్ ఇంజనీరింగ్ చదివిన గంగుల కమలాకర్ 2009లో శాసనసభకు వెళ్లి, 2019లో రాష్ట్ర మంత్రి అయ్యారు. బండి సంజయ్ కుమార్ ఇంజనీరు కారు. 2019లో లోక్‌సభకు, 2024లో కేంద్ర మంత్రివర్గంలోకి వెళ్లారు. పార్టీలు వేరు, దారులు వేరు, శాసనసభ ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేశారు. కానీ మొదటి మెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే. వాళ్ల రాజకీయాల గురించి మీ అభిప్రాయం మీది. నేను చూపిస్తున్నది ఆ మెట్టును.

వార్డులో నీ చదువుకు పరీక్ష రోజూ ఉంటుంది. మురికి కాలువకు వాలు సరిపోకపోతే వానకు నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. కొత్త సీసీ రోడ్డు పాత గడపల కంటే ఎత్తు లేస్తే ముసలమ్మలు నిన్ను పేరుపెట్టి తిడతారు. అక్కడ వాలు చూసి రోడ్డు వేయించినవాణ్ణి జనం గుర్తుపెట్టుకుంటారు. నేరుగా అసెంబ్లీ టికెట్ కోసం హైదరాబాద్‌లో నాయకుల ఇళ్ల ముందు నిలబడే పిల్లలకు ఈ చదువు అందదు.

4. చివరి తూము దగ్గర నిలబడి చూడు

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది గనుక కాస్త ఎక్కువే రాస్తాను.

పోచంపాడుకు, అంటే మన శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు (ఎస్సారెస్పీకి), నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేశారు. కేఎల్ రావు ఢిల్లీలో బాధ్యతలు తీసుకుని అప్పటికి ఆరు రోజులే. ఆ తర్వాత పని నత్తనడక నడిచింది. 1971లో ప్రపంచ బ్యాంకు రుణం వచ్చింది. కరీంనగర్ పక్కనే మానేరు మీద 24 టీఎంసీల లోయర్ మానేరు డ్యాం (ఎల్ఎండీ) పూర్తయ్యేసరికి 1985 వచ్చింది. శంకుస్థాపన చూసిన పిల్లలు తమ పిల్లల్ని బడికి పంపే వయసుకు వచ్చారు. కృష్ణా మీద సాగిన వేగం గోదావరి మీద సాగలేదన్న బాధ మా తరం తెలంగాణవాళ్లందరికీ ఉంది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్ల మీదికి వచ్చిన కోపంలో ఈ బాధ కూడా కలిసే ఉంది. కేఎల్ రావు మీద నాకు గౌరవం ఎంత ఉన్నా, ఆయన కాలంలో మా కాలువ ఎందుకు అంత వెనకబడిందన్న ప్రశ్న నేను వదులుకోను. నిధులిచ్చేది, వరస నిర్ణయించేది ఎక్కువగా రాష్ట్రమేనని తెలుసు. అయినా నదుల లెక్క తెలిసిన మనిషి పైన కూర్చున్నప్పుడు కిందివాళ్లకు ఆశ ఎక్కువే ఉంటుంది. రేపు మీరు గెలిచినా మీమీదా అదే ఆశ ఉంటుంది.

ఎస్సారెస్పీ నుంచి బయలుదేరే కాకతీయ కాలువ 284 కిలోమీటర్ల పొడవు. 146వ కిలోమీటరు దగ్గర ఎల్ఎండీలో కలిసి, మళ్లీ బయలుదేరి వరంగల్ వైపు సాగుతుంది. నీళ్లు వదిలిన రోజు నాయకులంతా హెడ్ రెగ్యులేటర్ దగ్గర పసుపు, కుంకుమ, పూలు చల్లి ఫొటో దిగుతారు. డీ-83, డీ-86 కాలువల చివర, మంథని వైపు పల్లెల్లో, ఆ నీళ్ల కోసం రైతు నారుమడి దగ్గర ఎదురుచూస్తుంటాడు. రిజిస్టరులో మాత్రం ఆ ఎకరాలన్నీ ఆయకట్టు కిందే ఉంటాయి.

నీళ్లు ఎందుకు చేరవో ఇంజనీరుకు తెలుసు. పైన కాలువకు మోటార్లు పెట్టి లాగుతారు. షట్టర్లు విరిగి ఉంటాయి, కొన్నిచోట్ల వాటిని రాత్రికి రాత్రి ఎత్తేస్తారు. లైనింగ్ పగిలి నీళ్లు ఇంకిపోతాయి. జమ్ము పెరిగి పారకం సగమవుతుంది. వారం ఇచ్చి వారం ఆపే పద్ధతి కాగితం మీద బాగానే ఉంటుంది, దాన్ని కాపలా కాసే లస్కర్ ఉండడు. వీటిలో ఏ ఒక్కటీ కొత్త కాలువ తవ్వితే తీరేది కాదు. కానీ శాసనసభలో లేచి కొత్త కాలువ అడిగితే పేపర్లో పేరు పడుతుంది, లస్కర్ పోస్టులు అడిగితే పడదు.

ఇంకొక లెక్క కూడా ఉంది. ఎస్సారెస్పీ మొదట్లో 112 టీఎంసీలు పట్టేది. ఒండ్రు పేరుకుని తర్వాతి సర్వేల్లో అది 90కి దిగింది, ఇప్పుడు 80 చిల్లర అంటున్నారు. చెరువు చిక్కిపోతోంది, ఆయకట్టు హామీలు మాత్రం పెరుగుతున్నాయి. ఈ మాట ఎన్నికల సభలో చెప్పడానికి ధైర్యం కావాలి. చెప్పినవాడు ఓడిపోతాడని అందరూ అంటారు. మా రైతులు అంత అమాయకులని నేను అనుకోను. ఎకరానికి ఎన్ని తడులు వస్తాయో ముందే నిజం చెబితే వరి బదులు మొక్కజొన్నో, పసుపో వేసుకోవడం వాళ్లకు తెలుసు. నిజం తెలియక నాట్లు వేసి, పొట్ట దశలో నీళ్లు ఆగితేనే వాళ్ల కడుపు మండుతుంది.

గెలిచిన మొదటి యాసంగిలోనే రాత్రిపూట చివరి తూము దాకా పోండి. వెంట మంది వద్దు, కెమెరా వద్దు. గేజీ చదవండి, ఆ అంకె రాసుకోండి.

5. క్యూసెక్కును ఊరి లెక్కలో చెప్పు

రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. 8,000 క్యూసెక్కులు మూడు రోజులు వదిలితే రెండు టీఎంసీల కంటే కొంచెం ఎక్కువ. ఈపాటి గుణకారం మన రైతులకు రాదనుకోవద్దు. వడ్డీ లెక్కలు నోటితో వేసే మనుషులు వాళ్లు. గ్రామసభలో బోర్డు మీద రాసి చూపిస్తే ఆ తర్వాత ఏ నాయకుడూ అంకెలతో వాళ్లను మభ్యపెట్టలేడు, నువ్వు కూడా.

6. లెక్క సరిపోయినా ఒప్పందం కుదరదు

కృష్ణా, గోదావరి నీళ్ల మీద రాష్ట్రాల మధ్య తగవును మాటలతో తేల్చడానికి కేంద్రం ఏళ్ల తరబడి ప్రయత్నించింది. నదుల మీద అంత పట్టున్న మనిషి మంత్రివర్గంలో ఉండి కూడా అది తేలలేదు. చివరికి 1969లో ట్రిబ్యునళ్లు వేయవలసి వచ్చింది. గోదావరి మీద బచావత్ ట్రిబ్యునల్ తీర్పు 1980లోగానీ రాలేదు.

మన కళ్ల ముందటి సంగతే చూడండి. ప్రాణహిత మీద తుమ్మిడిహట్టి దగ్గర బ్యారేజీ 152 మీటర్ల మట్టంతో కడతామని మనం, అంత ఎత్తయితే మా ఊళ్లు మునుగుతాయని మహారాష్ట్ర. 2016 ఆగస్టు 23న కుదిరిన ఒప్పందంలో తుమ్మిడిహట్టికి 148 మీటర్లు, మేడిగడ్డకు 100, పెన్‌గంగ మీద చనాక-కొరాటకు 213 మీటర్లు అని రాసుకున్నారు. నాలుగు మీటర్ల తేడా కాగితం మీద చిన్న గీత. అవతలి గట్టు మీద అది కొన్ని ఊళ్ల పొలాలు, ఇవతలి గట్టు మీద ఆదిలాబాద్ తూర్పు మండలాల ఆశ. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ సంగతీ అంతే. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఆ గేట్లు ఎత్తి ఉంచాలి. ప్రతి ఏడాది జూలై మొదటి రోజున గేట్లు ఎత్తుతున్నప్పుడు మన అధికారులు అక్కడికి వెళ్లి చూస్తారు.

కాబట్టి మరాఠీ నేర్చుకోండి. ఆదిలాబాద్ పిల్లలకు అదేమంత కష్టం కాదు, సగం ఇళ్లలో ఆ భాష వినబడుతూనే ఉంటుంది. అవతలి గట్టు సర్పంచితో, అతని భాషలో, అతని ఊరి మునక గురించి మాట్లాడగలిగిన మనిషికి ఎదుటివాడి నమ్మకం దొరుకుతుంది. ఆ నమ్మకం లేనిచోట ట్రిబ్యునలే దిక్కు.

7. కడెం చెప్పేది వినాలి

1958 ఆగస్టులో మన ఆదిలాబాద్ వైపు కడెం ప్రాజెక్టు కట్ట మీదుగా నీళ్లు పొంగాయి. కట్ట పైన రెండు మీటర్లకు పైగా వెసులుబాటు ఉంచినా వరద దాన్ని మించి అడుగున్నర ఎత్తు పారింది. 137 మీటర్ల వెడల్పున గండి పడింది. మళ్లీ 2022 జూలైలో, 18 గేట్లు కలిసి వదలగలిగింది సుమారు 3 లక్షల క్యూసెక్కులైతే, వచ్చింది 5 లక్షలు దాటింది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. మరుసటి జూలైలో మళ్లీ అదే భయం.

ఒకే ప్రాజెక్టు రెండు తరాలకు ఒకటే మాట చెబుతోంది. మనం అనుకున్న వరద కంటే పెద్ద వరద ఉంది. గేటు మోటారుకు గ్రీజు పెట్టారా, జనరేటరుకు డీజిల్ ఉందా, ఎగువన ఇంద్రవెల్లి, ఉట్నూరు వైపు కురిసిన వాన కబురు గంటలోపల కట్ట మీదికి చేరుతోందా అని మే నెలలోనే అడిగే ఎమ్మెల్యే కావాలి. వరద వచ్చాక గొడుగు కింద నిలబడటానికి అందరూ వస్తారు.

8. ఎత్తిపోతకు కరెంటు బిల్లు ముందే రాయాలి

కేఎల్ రావు 1972లో గంగా, కావేరి అనుసంధానం ప్రతిపాదించారు. 2,640 కిలోమీటర్ల పొడవున, ఏడాదికి 150 రోజులు, గంగ నుంచి 60,000 క్యూసెక్కులు మళ్లించాలన్నది ఆలోచన. అందులో చాలా భాగాన్ని 549 మీటర్లు ఎత్తాలి. వేల మెగావాట్ల కరెంటు కావాలి. ఖర్చు అంచనా చాలా తక్కువ వేశారని తర్వాత పరిశీలించిన కేంద్ర నిపుణులు తేల్చారు. అది ముందుకు సాగలేదు. దేశమంతటినీ ఒక్క నీటి పటంగా చూసిన ఆయన చూపును నేను గౌరవిస్తాను. ఆ పటానికి అయ్యే ఖర్చు తక్కువ వేయడాన్ని మాత్రం ప్రతి యువ ఇంజనీరూ గుర్తుపెట్టుకోవాలి.

లెక్క నేనే వేసి చూపిస్తాను. ఒక టీఎంసీ నీటిని వంద మీటర్లు ఎత్తడానికి నష్టాలేమీ లేకుండా 77 లక్షల యూనిట్లు కావాలి. పంపులు, మోటార్ల నష్టం కలిపితే దగ్గరదగ్గర కోటి. యూనిట్ 6 రూపాయలనుకుంటే 6 కోట్లు. టీఎంసీకి పదివేల ఎకరాలన్న స్థూల లెక్కన ఎకరానికి 6,000 రూపాయలు. వంద మీటర్లకే ఇది. ఎత్తు పెరిగినకొద్దీ ఎంతవుతుందో మీరే గుణించండి. తాగునీటికి, కరువు మండలానికి ఆ ఖర్చు పెట్టవలసిందే అని నేను కూడా అంటాను. అయితే పెడుతున్నామని జనానికి ముందే చెప్పి పెట్టాలి.

మేడిగడ్డ పేరు ఎత్తకుండా ఈ మాట ముగించలేను. అది ఉన్న మహదేవపూర్ ప్రాంతం పాత కరీంనగర్ జిల్లాదే. ఆ బ్యారేజీ భాగంగా ఉన్న కాళేశ్వరం ఎత్తిపోతల 2019 జూన్ 21న మొదలైంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయని జాతీయ డ్యాం భద్రత సంస్థ చెప్పింది. ఏ పార్టీది ఎంత తప్పు అన్న వాదన సాగుతూనే ఉంటుంది. నా గుండె కోసుకుపోయేది వేరే చోట. ఇసుక మీద కట్టే బ్యారేజీకి కింద నేల ఎలా ఉందో తెలియడానికి సమయం కావాలి. ఆ సమయం అడిగే ఇంజనీరుకు, ఇచ్చే నాయకుడికి మధ్య మాట నడవాలి. ఇంజనీరు నుంచి నాయకుడైనవాడు ఆ మాటకు వంతెన కావాలి. తొందరపెట్టేవాళ్లలో అతనూ ఒకడైతే, అతను చదివిన చదువు ఆ జిల్లాకు అక్కరకు రానట్టే.

9. ఎంబీ పుస్తకం, కాంట్రాక్టు

రాష్ట్ర ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్న మనిషి ఎమ్మెల్యేగా, కేంద్ర ప్రభుత్వంతో నడుస్తున్న మనిషి ఎంపీగా ఉండకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ చెబుతోంది. బావమరిది పేరు మీద నడిచేదాన్ని చట్టం పట్టుకోదు. నువ్వు పట్టుకోవాలి. ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, రాసే ఏఈ ఒకప్పుడు నీలాంటి కుర్రాడే. ఆ కుర్రాడికి నీ మనిషి నుంచి ఫోన్ వెళ్లిన రోజున నువ్వు ఇంజనీరువన్న సంగతి మీ జిల్లా మరిచిపోతుంది. ఉద్యోగంలో ఉండగానే ఓట్లు కూడగట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. రాజీనామా ముందు, కండువా తర్వాత.

10. రాసిపెట్టు

కేఎల్ రావు 1973లో మంత్రి పదవి నుంచి బయటికి వచ్చారు. 1975లో దేశపు నీటి సంపద మీద పెద్ద పుస్తకం తెచ్చారు. 1978లో తన జ్ఞాపకాలు అచ్చువేశారు. ఆ పుస్తకం పేరులో తనను తాను క్యూసెక్కుల అభ్యర్థి అనే చెప్పుకున్నారు. 1986 మే 18న పోయారు. పులిచింతల ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరుంది. నాకు మాత్రం ఆ రెండు పుస్తకాలే పెద్దవి. ఒక మంత్రి ఏం అనుకున్నాడో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో మనం చదివి వాదించుకోగలుగుతున్నామంటే ఆయన రాసిపెట్టబట్టే.

మన రెండు జిల్లాల్లో ఇంజనీరింగ్ చదివి సర్పంచులుగా, జడ్పీటీసీలుగా, కౌన్సిలర్లుగా పనిచేసినవాళ్లు ఉన్నారు. వాళ్లు రాసింది నాకు ఎక్కడా దొరకలేదు. మీరు రాయండి. పెద్ద పుస్తకం అక్కర్లేదు, నలభై పేజీల నోటుబుక్కు చాలు. పదవిలో ఉన్న ఏళ్లలో ఏ తూముకు ఏ యాసంగి నీళ్లు చేరాయి, చేరకపోతే అడ్డం ఏమొచ్చింది, ఏ కల్వర్టు ఎంతకు మంజూరై ఎంతకు పూర్తయింది, ఎవరి పొలం పోయింది, పరిహారం ఎప్పుడొచ్చింది, ఎగువన పడ్డ వానకు మీ వాగు ఎన్ని గంటల్లో పొంగింది. ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఇవ్వండి, ఒకటి మీ మండలం ఏఈ ఆఫీసులో పెట్టండి. మీ తర్వాత గెలిచినవాడు మీ మీద పోటీ చేసి గెలిచినవాడైనా సరే, అతని ఇంటికి కూడా ఒకటి పంపండి.